ఆర్థర్ యాష్: దాచుకున్న జబ్బు, దాచుకోనివ్వని లోకం



మీలో టెన్నిస్ ఆట ఎరగనివారు చాలామందే ఉంటారు. ఎరగకపోయినా ఫరవాలేదు. ఈ వారం మీకు పరిచయం చేయబోయే మనిషి టెన్నిస్ ఆటగాడే. అయితే మనం ఆయన్ను తలచుకోవలసింది ఆట ఒక్కదాని కోసమే కాదు. ఒక మనిషి ఒంట్లో ఉన్న జబ్బు సంగతి ఎవరి సొంతం? ఆ మనిషిదా, అతని ఇంటివారిదా, లేక ఊరందరిదా? 1992 ఏప్రిల్‌లో ఒకనాడు ఈ ప్రశ్న ఆయన గడప తొక్కి, జవాబు చెప్పమని నిలబడింది. దానికి ఆయన చెప్పిన జవాబు తెలియాలంటే మనం కాస్త వెనక్కి వెళ్ళాలి.

అమెరికా దేశంలో వర్జీనియా రాష్ట్రానికి రాజధాని రిచ్‌మండ్. నల్లవారి బానిసత్వాన్ని నిలుపుకోవడానికి దేశం నుండి విడిపోయి యుద్ధానికి దిగిన దక్షిణాది రాష్ట్రాలకు కూడా ఒకప్పుడు అదే రాజధాని. ఆ పట్టణంలో 1943 జూలై 10న ఆర్థర్ యాష్ పుట్టాడు. తండ్రి పేరు కూడా ఆర్థరే. నల్లవారి కోసం కేటాయించిన ఒక ఆటస్థలానికి ఆయన కాపలాదారు. ఇల్లు కూడా ఆ ఆటస్థలంలోనే. వాకిట్లోనే టెన్నిస్ కోర్టులు ఉండటంతో ఏడేళ్ళయినా నిండకముందే పిల్లవాడి చేతికి బ్యాటు వచ్చింది. పట్టణంలో తెల్లవారి పార్కులో మంచి కోర్టులు ఉండేవి గాని, అక్కడ ఈ పిల్లవాడికి ప్రవేశం లేదు.

1950 మార్చిలో, ఆరేళ్ళ ప్రాయంలో, తల్లి చనిపోయింది. ఆసుపత్రికి వెళ్ళేనాడు నీలం గౌను వేసుకుని తలుపు దగ్గర నిలబడిన అమ్మ రూపమే ఆయనకు మిగిలిన జ్ఞాపకం. తిరిగి రాలేదు. ఇద్దరు కొడుకులను తండ్రి కట్టుదిట్టంగా పెంచాడు. బడి నుండి ఇంటికి నడిచి రావడానికి పన్నెండు నిమిషాలు పడుతుందని ఆయన స్వయంగా లెక్కకట్టాడట. బడి విడిచాక పిల్లవాడు ఆ పన్నెండు నిమిషాల్లో గుమ్మంలో ఉండాలి. ఇది మరీ చాదస్తం అని మీకు అనిపించవచ్చు. ఆ రోజుల్లో ఆ ఊళ్ళో నల్లపిల్లవాడు వీధిలో తచ్చాడటం ఎంత ప్రమాదమో ఆ తండ్రికి తెలుసు. అంతకన్నా ముఖ్యంగా పరువు అనే మాటను ఆయన పిల్లలకు నూరిపోశాడు. మంచి పేరు ఒకసారి పోతే మళ్ళీ రాదన్నది ఆ ఇంటి మొదటి పాఠం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తరువాత పనికివస్తుంది.

పదేళ్ళ వయసులో ఆర్థర్ లించ్‌బర్గ్ పట్టణంలోని డాక్టర్ రాబర్ట్ వాల్టర్ జాన్సన్ చేతిలో పడ్డాడు. ఈ నల్లజాతి వైద్యుడు వేసవిలో తన ఇంటి కోర్టులో నల్లపిల్లలకు టెన్నిస్ నేర్పేవాడు. వింబుల్డన్ గెలిచిన మొదటి నల్లజాతి మహిళ ఆల్తియా గిబ్సన్‌ను తీర్చిదిద్దింది కూడా ఆయనే. ఆయన పెట్టిన నియమాలు విచిత్రంగా ఉండేవి. ఎదుటివాడు కొట్టిన బంతి గీతకు రెండంగుళాలు బయట పడినా సరే, లోపలే పడినట్టు లెక్కవేసి ఆడాలి. అంపైరుతో వాదించకూడదు. ముఖం చిట్లించకూడదు. బ్యాటు విసరకూడదు. తెల్లవారి పోటీల్లో ఈ పిల్లలను గెంటివేయడానికి చిన్న సాకు చాలు, ఆ సాకు వారికి దొరకకూడదని ఆయన ఆలోచన. అలా న్యాయం కన్నా రెండంగుళాలు ఎక్కువే ఎదుటివారికి ఇస్తూ పెరిగాడు యాష్.

ఇక ఆయన విజయాలు త్వరగా చెప్పేస్తాను. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఉపకారవేతనంతో చదివి 1966లో డిగ్రీ పుచ్చుకున్నాడు. 1963లో అమెరికా డేవిస్ కప్ జట్టుకు ఎంపికైన తొలి నల్లజాతి ఆటగాడు ఆయనే. 1968లో, సైన్యంలో లెఫ్టినెంటుగా ఉంటూ, యు.ఎస్. ఓపెన్ గెలిచాడు. బహుమతి 14,000 డాలర్లు. కాని ఆయన అమెచ్యూరు, అంటే డబ్బు తీసుకోకుండా ఆడే ఆటగాడు. అందువల్ల ఆ సొమ్ము ఓడిపోయిన టామ్ ఒకర్‌కు వెళ్ళింది. గెలిచినవాడికి రోజుకు 20 డాలర్ల చొప్పున ఖర్చులు మాత్రమే ముట్టాయి. 1970లో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచాడు.

1975 వింబుల్డన్ ఫైనల్ గురించి మాత్రం ఒక్క నిమిషం ఆగాలి. ఎదుట జిమ్మీ కానర్స్, వయసు 22, అంతకుముందు ఏటి విజేత. యాష్‌కు 32 నిండటానికి ఐదు రోజులు తక్కువ. కానర్స్ గెలుపు ఖాయమనే అందరూ అనుకున్నారు. ఎదుటివాడు ఎంత బలంగా కొడితే అంతకు రెట్టింపు బలంగా తిప్పికొట్టడం కానర్స్ విద్య. అందుకని యాష్ ఆరోజు బలంగా కొట్టడమే మానేశాడు. మెత్తగా, నిదానంగా, కాళ్ళ దగ్గర పడేలా బంతులు పంపాడు. విరామాల్లో కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకునేవాడు. 6-1, 6-1, 5-7, 6-4. వింబుల్డన్ పురుషుల సింగిల్స్ గెలిచిన మొదటి నల్లజాతి మనిషి అయ్యాడు.

మన దేశానికి సంబంధించిన రెండు విషయాలు ఇక్కడ చెప్పాలి. దక్షిణాఫ్రికాలో జాతివివక్ష ప్రభుత్వం యాష్‌కు కొన్నేళ్ళపాటు వీసా ఇవ్వలేదు. 1973లో ఇచ్చింది. ప్రేక్షకులను రంగునుబట్టి విడివిడిగా కూర్చోబెట్టకూడదని షరతు పెట్టి ఆయన వెళ్ళాడు. వెళ్ళినందుకు సొంతవాళ్ళే కొందరు తిట్టారు. మరుసటి ఏడు, 1974లో, అమృతరాజ్ సోదరులు ఉన్న మన జట్టు డేవిస్ కప్ ఫైనల్‌కు చేరింది. ఎదుటి జట్టు దక్షిణాఫ్రికా. వివక్ష పాటించే దేశంతో ఆడేది లేదని భారతదేశం కప్పునే వదులుకుంది. వెళ్ళి చూపించడం ఆయన పద్ధతి, వెళ్ళకుండా చూపించడం మనది. రెండింటిలో ఏది సరి అని నన్నడిగితే వెంటనే జవాబు చెప్పలేను. ఆయన కూడా తరువాతి కాలంలో బహిష్కారం వైపే వచ్చాడు, 1985లో వాషింగ్టన్‌లోని దక్షిణాఫ్రికా రాయబార కార్యాలయం ఎదుట అరెస్టయ్యాడు. ఇక రెండోది. 1977లో ఆయన పెళ్ళాడిన ఫొటోగ్రాఫరు పేరు జీన్ ముతుసామి. వింతగా ఉంది కదూ? అది మన ముత్తుసామే! చెరకు తోటల్లో కూలికి ఓడలెక్కి పోయిన మన దక్షిణాదివారి పేరు, కరీబియన్ దీవుల మీదుగా అమెరికా చేరింది.

1979 జూలై 31న, 36 ఏళ్ళ వయసులో, యాష్‌కు గుండెపోటు వచ్చింది. సిగరెట్టు అలవాటు లేదు, ఒంట్లో కొవ్వు లేదు, ప్రపంచంలోని మేటి క్రీడాకారుల్లో ఒకడు. అయినా వచ్చింది, తల్లిదండ్రుల వైపు నుండి వచ్చిన గుండెజబ్బు అది. డిసెంబరులో గుండెకు బైపాస్ ఆపరేషన్ చేశారు. మరుసటి ఏడు ఆట విరమించాడు. 1983లో మళ్ళీ ఆపరేషన్ అవసరమైంది. ఆ తరువాత చాలా నీరసించి ఉంటే, త్వరగా కోలుకోవడానికని రక్తం ఎక్కించారు.

పాఠకులారా, ఆ 1983 అనే సంవత్సరాన్ని కాస్త నిదానంగా చూద్దాం. దానికి రెండేళ్ళ ముందు, 1981 జూన్ 5న, అమెరికా ప్రభుత్వ వ్యాధి నిరోధక కేంద్రం తన వారపత్రికలో ఒక చిన్న నివేదిక అచ్చువేసింది. లాస్ ఏంజెలెస్‌లో ఐదుగురు యువకులకు, ఆరోగ్యవంతులకు సామాన్యంగా రాని న్యుమోనియా వచ్చింది, అప్పటికే ఇద్దరు చనిపోయారు. అంతే ఆ కబురు. 1982లో ఈ జబ్బుకు ఎయిడ్స్ అని పేరు పెట్టారు. రక్తం ఎక్కించుకున్నవారికీ, రక్తం గడ్డకట్టని హీమోఫీలియా రోగులకూ అది సోకుతున్నట్టు ఆ ఏడే జాడలు కనిపించాయి. 1983లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో దానికి కారణమైన వైరస్‌ను కనుగొన్నారు. కాని దానం చేసిన రక్తంలో ఆ వైరస్ ఉందో లేదో చెప్పే పరీక్ష 1985 మార్చి దాకా రాలేదు. యాష్ ఒంట్లోకి రక్తం ఎక్కింది ఆ మధ్యకాలంలో.

1985 అంటే మరో సంగతి కూడా గుర్తుకు వస్తుంది. ఆ ఏడు జూలైలో హాలీవుడ్ నటుడు రాక్ హడ్సన్‌కు ఎయిడ్స్ అని ప్రకటించారు, అక్టోబరు 2న ఆయన చనిపోయాడు. ఎందరో పేరులేని మనుషులు రాలిపోతున్నప్పుడు కదలని లోకం, తాను వెండితెర మీద చూసిన ముఖం చిక్కిపోవడం చూసి ఉలిక్కిపడింది. ఆ ఏడే ఇండియానా రాష్ట్రంలో రయన్ వైట్ అనే హీమోఫీలియా కుర్రవాణ్ణి బడికి రావద్దన్నారు. తక్కిన పిల్లలకు అంటుకుంటుందని తల్లిదండ్రుల భయం. ఆ క్రిస్మస్ ముందురోజు రాత్రి న్యూయార్కులో మదర్ తెరెసా, దిక్కులేని ఎయిడ్స్ రోగుల కోసం ఒక ఆశ్రమం తెరిచారు. ఇక 1986లో మన మద్రాసులోనే డాక్టర్ సునీతి సోలొమన్, ఆమె విద్యార్థిని నిర్మల జరిపిన పరీక్షల్లో భారతదేశంలో తొలి కేసులు బయటపడ్డాయి. అదెక్కడిదో పరాయి దేశపు జబ్బు అనుకున్న మనకు అది మొదటి దెబ్బ.

యాష్‌కు తన సంగతి తెలియడానికి ఐదేళ్ళు పట్టింది. 1988లో ఉన్నట్టుండి కుడిచేతి వేళ్ళు మాట వినడం మానేశాయి. వింబుల్డన్‌లో సర్వీసు చేసిన చెయ్యే అది. మెదడులో ఏదో ఉందని శస్త్రచికిత్స చేశారు. టాక్సోప్లాస్మోసిస్ అనే ఇన్‌ఫెక్షన్ అని తేలింది. ఎయిడ్స్ బాగా ముదిరినవారిలో కనిపించే జబ్బుల్లో అదొకటి. రక్తపరీక్ష అనుమానాన్ని నిజం చేసింది. భార్యకూ, వారు పెంచుకుంటున్న చిన్న పాపకూ పరీక్షలు చేయించారు. ఇద్దరికీ లేదు. ఆ మేరకు ఊపిరి పీల్చుకున్నారు.

అప్పుడు ఆ భార్యాభర్తలు ఈ సంగతి బయట చెప్పకూడదని నిశ్చయించుకున్నారు. డాక్టర్లకూ, చాలా దగ్గరి స్నేహితులకూ మాత్రమే తెలుసు. వారెవరూ నోరు విప్పలేదు. ఇలా ఒక నెల కాదు, రెండు నెలలు కాదు, మూడున్నరేళ్ళు గడిచింది. ఆ కాలంలో ఆయన మూలన కూర్చోలేదు. అమెరికాలో నల్లజాతి క్రీడాకారుల చరిత్రను మూడు సంపుటాలుగా అచ్చువేశాడు. టెలివిజన్‌లో టెన్నిస్ వ్యాఖ్యానం చెప్పాడు. పాపను ఆడించాడు.

దాచడం తప్పంటారా? కొందరు తప్పే అన్నారు. ఆయన ముందే చెప్పి ఉంటే జబ్బు మీద భయం ముందే తగ్గేదని వారి వాదం. ఆ వాదంలో నిజం లేకపోలేదు. కాని మన ఊళ్ళలో ఏం జరుగుతుందో మీరే ఆలోచించండి. పక్కింటివారికి క్షయ అనో, పెద్దరోగం అనో తెలిస్తే మనం మొదట అడిగేది ఎలా ఉన్నారని కాదు, ఎలా వచ్చిందని. ఎయిడ్స్ విషయంలో ఆ ప్రశ్న ఇంకా పదునుగా ఉంటుంది. మంచినీళ్ళ గ్లాసు వేరు చేస్తారు, పిల్లల్ని ఆ ఇంటి వైపు పోనివ్వరు. అమెరికాలోనూ అంతే, రయన్ వైట్ కథ చూశాం కదా. యాష్‌కు తన గురించి కన్నా బడికి వెళ్ళబోయే బిడ్డ గురించి బెంగ.

1991 నవంబరు 7న బాస్కెట్‌బాల్ వీరుడు మ్యాజిక్ జాన్సన్ తనకు హెచ్.ఐ.వి. ఉందని తానే ప్రకటించాడు. అప్పటి నుండి పత్రికలవారి ముక్కులు పదునెక్కాయి. 1992 ఏప్రిల్ 7న, చిన్నప్పటి నుండి యాష్‌కు తెలిసిన ఒక విలేకరి ఆయన ఇంటికి వచ్చాడు. యు.ఎస్.ఎ. టుడే అనే పెద్ద దినపత్రికలో పని చేస్తున్నవాడు. మీకు ఎయిడ్స్ అని మా ఆఫీసుకు కబురు వచ్చింది, నిజమేనా అని అడిగాడు. యాష్ ఆ పత్రిక సంపాదకునితో ఫోనులో మాట్లాడాడు. అబద్ధం చెప్పడానికి మనసు ఒప్పలేదు, నిజం చెప్పడానికి ఇష్టం లేదు. అవుననలేదు, కాదనలేదు. రూఢి కాని వార్త వేయడం తమ పద్ధతి కాదని పత్రిక ఆ పూటకు ఆగింది. కాని వాసన పట్టాక ఇక ఆగదని ఆయనకు తెలుసు. వేరెవరో చెప్పేకన్నా తానే చెప్పుకోవడం మేలని, ఆ రాత్రంతా ఫోన్లు చేసి ఆప్తులకు ముందుగా కబురందించాడు.

మరునాడు, ఏప్రిల్ 8న, న్యూయార్కులో విలేకరుల ముందు కూర్చున్నాడు. పక్కన భార్య. ఎప్పుడు ఎలా సోకిందో, ఎందుకు చెప్పలేదో, ఎందుకు ఇప్పుడు చెప్పవలసి వచ్చిందో కాగితం చూసి చదివాడు. అంతా నిబ్బరంగానే సాగింది. కూతురి ప్రస్తావన వచ్చిన చోట గొంతు పూడుకుపోయింది. ఇక మాట పెగల్లేదు. అంపైరు తప్పుడు తీర్పులకు చలించనివాడు, కానర్స్ ఎదుట కళ్ళు మూసుకుని ప్రశాంతంగా కూర్చున్నవాడు, లోకమంతా చూస్తుండగా ఆ ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాడు. భార్య ఆ కాగితం అందుకుని మిగిలింది చదివింది.

తరువాత ఆ పత్రికకు వందలాది ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువమంది యాష్ పక్షమే. పత్రిక మాత్రం, ఆయన బహిరంగ జీవితంలో ఉన్న మనిషి, ఆయన జబ్బు వార్తే అని వాదించింది. ఆయన వాదన చాలా సూటిగా ఉండేది. తాను ఏ పదవికీ పోటీ చేయడం లేదు, ప్రజల సొమ్ము తన చేతిలో లేదు, తాను జబ్బు సంగతి చెప్పకపోవడం వల్ల ఎవరికీ నష్టం లేదు. అలాంటప్పుడు తెలుసుకునే హక్కు ఎక్కడి నుండి వచ్చింది? పత్రికలో రాసుకునే నేను ఈ మాట ఒప్పుకోవడానికి కొంచెం జంకుతున్నాను గాని, న్యాయం ఆయన వైపే ఉందని నా అభిప్రాయం.

అప్పట్లో చాలామంది ఆయన మీద జాలి చూపుతూ ఒక మాట వాడారు. పాపం, ఏ తప్పూ చేయకుండానే వచ్చిందని. వినడానికి దయగా ఉంటుంది. కాని ఆ మాటకు రెండో కొస ఉంది, తక్కినవారికి తగిన శాస్తే జరిగిందని అది చెప్పకనే చెబుతుంది. ఆ జాలి పంచన చేరి తాను వేరు, వారు వేరు అని పక్కకు తప్పుకోవడం యాష్‌కు చాలా సులువు. ఆయన ఆ దారి పట్టలేదు. ఎయిడ్స్‌ను ఓడించడానికంటూ తన పేరుతో ఒక సంస్థ పెట్టి, 50 లక్షల డాలర్లు సేకరించాలని పూనుకున్నాడు. ఆ పరిశోధన సొమ్ము, రోగికి జబ్బు ఏ దారిన వచ్చిందని అడిగేది కాదు. బడులకు వెళ్ళి పిల్లలతో మాట్లాడాడు. డిసెంబరు 1న, ప్రపంచ ఎయిడ్స్ దినాన, ఐక్యరాజ్యసమితి సభలో ప్రసంగించాడు.

సెప్టెంబరు 9న జరిగిన సంగతి నాకు వీటన్నిటికన్నా గొప్పగా తోస్తుంది. హైతీ దేశం నుండి పడవల్లో వచ్చే నల్లజాతి శరణార్థులను అమెరికా తిప్పి పంపేస్తున్న రోజులవి. ఎయిడ్స్ మొదలైన కొత్తలో, జబ్బు వ్యాపించే అవకాశమున్నవారి జాబితాలో హైతీవారందరినీ ఒక జాతిగా చేర్చి వారి నెత్తిన మచ్చ వేసింది కూడా ఆ దేశమే. హెచ్.ఐ.వి. ఉన్న హైతీయులను గ్వాంటనామో శిబిరంలో బంధించి ఉంచారు. యాష్ ఆరోజు వాషింగ్టన్ వెళ్ళి వైట్ హౌస్ ముందు నిరసనలో నిలబడి అరెస్టయ్యాడు. అప్పటికి మనిషి ఎముకల గూడు. ఆ వెంటనే మరోసారి గుండెపోటు వచ్చింది.

ఇంకో మాట. నల్లవాడిగా బతకడం ఎయిడ్స్‌తో బతకడం కన్నా బరువని ఆయన ఆ రోజుల్లో చెప్పేవాడు. అడిగినవారు ఆశ్చర్యపోయేవారు. బడి నుండి పన్నెండు నిమిషాల్లో ఇల్లు చేరవలసిన పిల్లవాడి కథ తెలిసిన మనకు ఆశ్చర్యం అక్కరలేదు.

1993 ఫిబ్రవరి 6న న్యూయార్కు ఆసుపత్రిలో న్యుమోనియాతో ఆయన కన్నుమూశాడు. వయసు 49. చావును ఏళ్ళ తరబడి వెనక్కి నెట్టగల మందుల కలయిక మరో మూడేళ్ళకు, 1996లో, వాడుకలోకి వచ్చింది. పార్థివదేహాన్ని రిచ్‌మండ్ తీసుకువెళ్ళి గవర్నరు భవనంలో ప్రజల దర్శనార్థం ఉంచారు. 1863లో దక్షిణాది సేనాని స్టోన్‌వాల్ జాక్సన్ తరువాత ఆ గౌరవం దక్కింది ఈయనకే. ఆ జాక్సన్ విగ్రహం ఉన్న వీధిలోనే 1996లో, ఎంతో గొడవ జరిగాక, యాష్ విగ్రహం కూడా పెట్టారు. ఒక చేత పుస్తకాలు, ఒక చేత టెన్నిస్ బ్యాటు, చుట్టూ పిల్లలు. 2020, 2021 సంవత్సరాల్లో ఆ వీధిలోని సేనానుల విగ్రహాలన్నీ తొలగించారు. యాష్ ఒక్కడే మిగిలాడు.

చివరి నెలల్లో ఆయన తన జీవితకథ రాశాడు, అది ఆయన పోయిన కొద్ది నెలలకు అచ్చయింది. చివరి అధ్యాయం కూతురికి ఉత్తరం. ఆ బిడ్డ దాన్ని చదివేనాటికి తాను ఉండనని తెలిసి రాసినది. రిచ్‌మండ్‌లో ఆయన్ను తల్లి సమాధి పక్కనే పాతిపెట్టారు. తల్లి పోయేనాటికి ఆయనకు ఆరేళ్ళు. ఆయన పోయేనాటికి ఆ పాపకూ ఆరేళ్ళే.